మేడ మీద గది

పోయిన ఆదివారం మేడ మీద గది సర్దుదామని కూర్చుంటే మంచం కింద నుంచి రేకు పెట్టె ఒకటి బయటపడింది. వరద తీశాక కింది హాల్లోంచి తెచ్చి అక్కడికి తోసేసిన పెట్టె. అప్పట్లో తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఇప్పుడు గొళ్ళెం లాగి మూత ఎత్తగానే వాసన గుప్పుమంది. తడి గోనెసంచి, మురుగు, తుప్పు మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా. బెజవాడలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగాక ఇటు పక్క ఉండేవాళ్ళెవరికైనా కళ్ళు మూసి ఈ వాసన చూపించండి, ఏ నెలో ఏ నీళ్ళో చెప్పేస్తారు.

లోపల నా కాసెట్లు. చిన్న డీవీలు ఓ యాభై, అడుగున పెద్ద బీటాలు నాలుగు. అట్టలు నాని ముద్దయి, మళ్ళీ ఎండి ఇటుకల్లా అతుక్కుపోయాయి. స్కెచ్ పెన్నుతో రాసిన స్లగ్గులు, అంటే వార్తల పొట్టి పేర్లు, కొన్ని ఇంకా కనిపిస్తున్నాయి. 'మిర్చి యార్డు - రేటు'. 'గుణదల తిరునాళ్ళు'. 'పుష్కరాలు - దుర్గా ఘాట్'. ఒకదాని మీద ఉన్నది నా చేతిరాత కాదు, మా కెమెరామన్‌ది. 'అమ్మ - కరకట్ట - వాడొద్దు'.

ఆ కాసెట్ చేతిలో పెట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. మా ఆయన టీ అని రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు.

* * *

నేను టీవీలో చేరేనాటికి బెజవాడ పేపర్ల ఊరు. ఆంధ్రజ్యోతి పుట్టింది ఇక్కడే, విశాలాంధ్ర ఇక్కడిదే. ప్రెస్ మీట్‌కి వెళితే ముందు వరుస కుర్చీలు పేపర్ల వాళ్ళవి. మేం వెనక గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళం. ట్రైపాడ్ కాలికి తగులుతోందని విసుక్కునే సీనియర్లు ఉండేవారు. పైగా నేను ఆడపిల్లని. "మహిళల పేజీకి రాస్తావా అమ్మా, ఈ ఎండలో తిరగడం ఎందుకు?" అని మనస్ఫూర్తిగా జాలిపడిన పెద్దాయన కూడా ఉన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ ఎండ అలాంటిది.

అప్పట్లో వార్త ఎక్కడ జరిగినా నా మనసు బస్టాండ్ మీదే ఉండేది. రాత్రి బులెటిన్‌లో పడాలంటే మధ్యాహ్నం ఒంటిగంట లోపు కాసెట్ హైదరాబాద్ బస్సు ఎక్కాలి. షూటింగ్ అయ్యీ కాగానే బండి మీద కూర్చుని, ఒళ్ళో కాయితం పెట్టుకుని డోప్ షీట్ రాసేదాన్ని. ఎవరు మాట్లాడారు, ఏ బైట్, అంటే ఎవరి మాటల ముక్క, ఎక్కడుంది, ఏ విజువల్ ముందు వాడాలి, అన్నీ. ఆ కాయితం కాసెట్‌కి చుట్టి రబ్బరు బ్యాండు వేసి, నెహ్రూ బస్టాండ్‌లో పరిచయమున్న డ్రైవర్ కోసం ప్లాట్‌ఫాం మీద వెతుకులాట. "బాబాయ్, సీటు కింద పెట్టకు, నీళ్ళ సీసా పక్కన అసలే పెట్టకు." పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, బస్సు నంబరు అరచేతిలో రాసుకుని ఎస్టీడీ బూత్‌కి పరుగు. అవతల ఆఫీసు కుర్రాడు ఆ నంబరు పట్టుకుని బస్సు కోసం కాచుకునేవాడు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే అమ్మ అడిగేది, "నంబరు చెప్పేశావా? కడిగేస్తున్నావు?"

ఒకసారి సూర్యాపేట దగ్గర బస్సు టైరు పంక్చరయింది. మా ధర్నా వార్త మర్నాడు రాత్రి పడింది. అప్పటికి వాళ్ళు ధర్నా విరమించి ఇళ్ళకెళ్ళి భోంచేస్తున్నారు. మా వీధిలో వాళ్ళు మాత్రం ఇంకా జరుగుతోందనుకుని, ఆ దారిన వెళ్ళొద్దని పిల్లలకి చెప్పారట.

ఉన్నచోటి నుంచే లైవ్ పంపే ఓబీ వ్యాన్ వచ్చాక కాసెట్ పోయింది, బస్సు పోయింది, నా మధ్యాహ్నం భోజనం కూడా పోయింది. చెవిలో ఇయర్ ఫోన్, అందులో ఇన్‌పుట్ డెస్క్ కేక. లైవ్‌లో ఉన్నంతసేపూ అమ్మ ఇంట్లో టీవీ ముందు స్టూలు మీద కూర్చునేదిట. నేను చెప్పే వార్త ఆవిడకి అక్కర్లేదు. నా మొహం చూసేది. రాత్రి ఇంటికెళ్ళగానే, "రెండింటి వార్తలప్పటికి నువ్వేం తిన్లేదు. ఐదింటప్పుడు ఏదో తిన్నావు, బజ్జీలేనా?" అనేది. బజ్జీలే. ఎలా చెప్పేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

నీళ్ళ వార్తలు మాత్రం చూసేది కాదు. తుపాను అనే మాట వినపడితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. 2009 అక్టోబర్‌లో కృష్ణకి పెద్ద వరద వచ్చి, కృష్ణలంక జనం మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కిన రోజు నేను ప్రకాశం బ్యారేజీ మీద పగలూ రాత్రీ లైవ్ ఇచ్చాను. గేట్లన్నీ ఎత్తితే ఆ మోతకి మన గొంతు మనకే వినపడదు. కాళ్ళ కింద సిమెంటు సన్నగా అదురుతుంది. నా ఉద్యోగంలో నేను బాగా చేశాననుకున్న రోజుల్లో అదొకటి. అమ్మ ఒక్క నిమిషం కూడా చూడలేదు.

* * *

మాది దివిసీమ. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఊరు. అలా అంటే వినేవాళ్ళ మొహంలో ఒక ప్రశ్న వస్తుంది. అవును, ఉప్పెన వచ్చిన దివిసీమే.

1977 నవంబర్ 19. శనివారం. నాకు మూడేళ్ళు. నాన్న అవనిగడ్డలో బియ్యం మిల్లు గుమస్తా. నాగుల చవితికి పుట్టింటికెళ్ళిన అమ్మ నన్నెత్తుకుని ఇంకా అక్కడే ఉంది. నాకు ఏమీ గుర్తులేదు. గుర్తుందని అనుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను గానీ, అవన్నీ తర్వాత విన్న మాటలే. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నాన్న ఒక్కసారి, నేను కాలేజీలో ఉన్నప్పుడు, అమ్మ గుడికెళ్ళిన టైములో చెప్పారు.

పొద్దుటి నుంచీ గాలి. సాయంత్రం గేదెలు అరుస్తున్నాయి. మామయ్యకి పన్నెండేళ్ళు, పలుపులు విప్పడానికి పాక దగ్గరికి వెళ్ళాడు. వాడు ఎంతకీ రాకపోతే అమ్మమ్మ వెళ్ళింది. ఆ ఊళ్ళో ఒక్కటే మేడ ఉండేది. ఎవరో నీళ్ళొస్తున్నాయని అరిస్తే అమ్మ నన్ను చంకనేసుకుని అటు పరిగెత్తింది. మెట్లు ఇంటి లోపల నుంచి ఉన్నాయి. తలుపు వేసి ఉంది. తీసేసరికి ఎంతసేపు పట్టిందో నాన్నకీ తెలియదు. అమ్మతో పాటు తలుపు కొట్టినవాళ్ళంతా పైకి చేరలేదు. అంతవరకు చెప్పి ఆగిపోయారు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ, తీస్తూ, పెట్టుకుంటూ.

నాన్న మూడో రోజున నడిచి ఊరు చేరారు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వచ్చాయని బతికినవాళ్ళు చెప్పేవారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళుగా పోయాయి. చచ్చిపోయినవాళ్ళు పది వేలకి పైనేనని లెక్కలు చెప్తాయి. దివిసీమలో ఆ లెక్క ఒప్పుకునేవాళ్ళు నాకు కనపడలేదు. ఎవరినడిగినా అంతకంటే ఎక్కువే చెబుతారు.

* * *

ఆ తర్వాత అవనిగడ్డలో ఉండలేక బెజవాడ వచ్చేశాం. నాన్నకి వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లో పని దొరికింది. అద్దె తక్కువని కృష్ణలంక, రాణిగారితోటలో వాటా తీసుకున్నారు. నది పక్కనే. అమ్మకి నీళ్ళంటే అంత భయమని తెలిసీ ఆయన అక్కడ ఎలా దింపారో! జేబు అలా చెప్పింది కాబోలు.

నా చిన్నతనమంతా ఆ వాటాలోనే. పొద్దున ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తలు, పక్కింటి పంపు దగ్గర బిందెల చప్పుడు, రాత్రిళ్ళు అవతల కృష్ణ వంతెన మీద గూడ్సు బళ్ళ మోత. కార్తీకంలో వీధిలో ఆడవాళ్ళంతా తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టుకుని నదికి వెళ్ళేవాళ్ళు. అమ్మ వెళ్ళేది కాదు. తులసి కోట దగ్గర ఒక దీపం పెట్టి లోపలికొచ్చేసేది. నేను మారాం చేస్తే పక్కింటి పిన్నిగారితో పంపేది, వెళ్ళేటప్పుడు నా జడ చివర ఆవిడ కొంగుకి ముడి వేసి మరీ. మిగతా పిల్లలు నవ్వేవారు. నాకు ఏడుపొచ్చేది.

అటక మీద ఎప్పుడూ ఒక మూట ఉండేది. రెండు శేర్ల బియ్యం, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, రేషన్ కార్డు, ఒక పాత చీర. నెలకోసారి దించి బియ్యం మార్చేది. వానాకాలంలో పోలీసు జీపు మైకులో "లోతట్టు ప్రాంతాల ప్రజలు..." అని మొదలుపెట్టేసరికే మేం మూటతో సహా స్కూలు మెట్ల మీద ఉండేవాళ్ళం. వీధిలో అందరికంటే ముందు. చాలాసార్లు నీళ్ళు రాలేదు. మర్నాడు ఇంటికి తిరిగొస్తుంటే వీధివాళ్ళు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. నాకు ఆ నవ్వే గుర్తు, స్కూల్లో పడుకున్న రాత్రులు గుర్తులేవు.

నాన్న కూడబెట్టిన డబ్బుతో పాయకాపురంలో రెండున్నర సెంట్లు కొన్నారు. అప్పటికి ఇటు పక్క పొలాలు, తుమ్మ చెట్లు, రేగడి నేల. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి. అయినా అమ్మ మొహం వెలిగిపోయింది. కృష్ణకి దూరం. కొండకి అవతల. ఇక్కడికి నదెలా వస్తుంది?

బుడమేరు ఉందని అమ్మినవాడు చెప్పలేదు, మేం అడగలేదు. అప్పట్లో చూస్తే అందులో నీళ్ళ కంటే గుర్రపుడెక్క ఎక్కువ. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, దాని వరదని డైవర్షన్ కాలవలో పట్టుకెళ్ళి కృష్ణలో కలుపుతారు. దాని మీద తర్వాత పాతిక వార్తలు చేశాను, ఆక్రమణలనీ, పూడిక అనీ. ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఆ పేరు కూడా సరిగ్గా తెలియదు. రిపోర్టర్లు అందరి ఇళ్ళ గురించీ వాకబు చేస్తారు, సొంతిల్లు తప్ప.

2005లో బుడమేరు పొంగి మా రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది. నేను అప్పుడు సింగ్ నగర్‌లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కెమెరా వంక చూస్తూ పీటూసీ చెప్తున్నాను. రాత్రి ఇంటికొచ్చేసరికి అమ్మ మెట్టు మీద కూర్చుని, గోడ మీద తడి ఎంతవరకు వచ్చిందో బొగ్గుతో గీత గీస్తోంది.

నెల తిరక్కుండా పోరు మొదలుపెట్టింది. పైన ఒక గది వెయ్యండి. మా ఆయన బయటికి ఏమీ అనలేదు. నేనే గొణిగాను, ఆ డబ్బు పెడితే వంటిల్లు బాగుపడుతుందని. అమ్మ తన పేరు మీదున్న డిపాజిట్ తీయించి తెచ్చి ఇచ్చింది. మేస్త్రీ హాల్లోంచి మెట్లు గీశాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మెట్లు బయట నుంచి ఉండాలి, వీధిలోకి. తలుపు, గేటు ఏం పెట్టొద్దు." దొంగలు ఎక్కుతారమ్మా అన్నాడు మేస్త్రీ. "ఎక్కనీ" అంది.

అలా మా ఇంటికి వీధిలోకి మెట్లు వచ్చాయి. కుర్రాళ్ళు వాటి మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఎన్నిసార్లు చిరాకుపడ్డానో!

* * *

ఇక ఆ కాసెట్ సంగతి. ఉప్పెనకి పాతికేళ్ళు నిండిన ఏడాది స్పెషల్ స్టోరీ చేయమన్నారు. డెస్క్‌లో ఎవరికో మాది ఆ ఊరని తెలిసింది. "మీ అమ్మగారి బైట్ తీసుకో. కూతురే రిపోర్టర్, తల్లే బాధితురాలు. అదిరిపోతుంది" అన్నాడు. తప్పు అతనిది అనను, ఆ ఆలోచన అప్పటికే నాకూ వచ్చింది.

మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి అని చెప్పి అమ్మని జీపెక్కించాను. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. మోపిదేవిలో దర్శనం చేయించాను కూడా, అబద్ధం కాకూడదని. అవనిగడ్డలో స్మారక స్థూపం దగ్గర పెద్దలు దండలు వేస్తుంటే షూట్ చేశాం. అమ్మ జీపులోంచి దిగలేదు. నాగాయలంక దాటి సముద్రపు కరకట్ట దగ్గర ఆపితే మాత్రం తనంతట తనే దిగింది.

గాలికి చీర రెపరెపలాడుతోంది. నేను మైకు పట్టుకుని దగ్గరికెళ్ళాను. అమ్మ మైకు వంక చూసింది, నా వంక చూసింది. "ఇదేంటే, నాకా?" అంది. కోపంగా కాదు, ఎవరిదో వస్తువు పొరపాటున తన చేతికిచ్చినట్టు. తర్వాత వెనక్కి తిరిగి కట్ట మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మా కెమెరామన్ ఆపలేదు, తీస్తూనే ఉన్నాడు. నాలుగు నిమిషాలు. చాలా దూరం వెళ్ళి ఒక తుమ్మ చెట్టు దగ్గర ఆగింది. చెట్టుని తాకలేదు, దాని చుట్టూ తిరగలేదు, ఏమీ చేయలేదు. నిలబడింది. మళ్ళీ నడుచుకుంటూ వచ్చి జీపెక్కింది.

తిరిగొచ్చేటప్పుడు చల్లపల్లి దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ, "మజ్జిగ తాగుతారా?" అంది అమ్మ. ముగ్గురం తాగాం.

డెస్క్‌కి ఆడియో రాలేదని చెప్పాను. కెమెరామన్ ఆ కాసెట్ నా చేతిలో పెడుతూ, "దాచుకో అక్కా" అన్నాడు. దాని మీద 'వాడొద్దు' అని రాసింది అతనే.

* * *

అంత జరిగినా నేనేం మారలేదు. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ, పవిత్ర సంగమం. హారతి చూద్దామని పడవెక్కినవాళ్ళు. ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు. పర్మిషన్ లేని బోటు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. ఇరవై మందికి పైగా పోయారు. మా ఓబీ వ్యాన్ ముందుగా చేరిన వాటిలో ఒకటి.

చీకట్లో జనరేటర్ లైట్లు, గజ ఈతగాళ్ళు, అంబులెన్స్ సైరన్లు. చెవిలో డెస్క్: "బంధువుల బైట్ కావాలి, అవతల ఛానల్‌లో వచ్చేసింది, మనకేది?" ఒడ్డున ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. పడవలోంచి బయటపడిందో, ఒడ్డునే ఉండిపోయిందో కూడా కనుక్కోలేదు. వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మైకు పెట్టాను. "ఏం జరిగిందమ్మా?" ఆమె ఏదో చెప్పబోయి, చెప్పలేక నా భుజం మీద తల ఆనించింది. నేను రెండో చేత్తో ఆమె వీపు నిమిరాను. మొదటి చేతిలో మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. ఒక నిమిషం పాటు లైవ్. ఆ బైట్ రాత్రంతా తిప్పి తిప్పి వేశారు. "మానవత్వం ఉన్న రిపోర్టింగ్" అని మెసేజ్‌లు కూడా వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. అమ్మ మేలుకునే ఉంది. ఆ రోజు ఎందుకో నీళ్ళ వార్త చూసింది. అన్నం కలుపుకుంటుంటే అంది,

"ఆ పిల్లకి పమిట జారిపోయింది. చూశావా?"

చూడలేదు.

"అన్ని లైట్లు. ఊరంతా చూస్తోంది. మైకు పక్కన పెట్టి సర్దాల్సింది నువ్వు."

నేనేమీ అనలేదు. అమ్మ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. కాసేపాగి, గోడ వంక చూస్తూ అంది. "మా అమ్మ దొరికినప్పుడు ఒంటి మీద నూలుపోగు లేదు. అలకి అంతా పోతుంది. ఎవరో పంచె కప్పి వెళ్ళారు. ఆయన పంచె ఇచ్చేసి తుండు కట్టుకుని పోయాడంట. ఎవరో తెలీదు. ఎంత అడిగినా తెలీలేదు."

నలభై ఏళ్ళలో ఉప్పెన గురించి అమ్మ నాతో అన్న మాటలు అవే. ముందూ లేదు, తర్వాతా లేదు. "పెరుగేసుకో" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నా బ్యాగులో ఒక తువ్వాలు ఉండేది. కెమెరామన్ చెమట తుడుచుకోవడానికి అడిగితే ఇచ్చేదాన్ని కాదు. "ఏంటక్కా, తువ్వాలికి కూడా పిసినారితనమా?" అనేవాడు. ఒకటి రెండుసార్లు పనికొచ్చింది. ఎక్కడో చెప్పను.

కరోనా ఏడాది ఖర్చులు తగ్గించుకుంటూ మా ఛానల్ నన్నూ తగ్గించుకుంది. ఫోన్ మీద, రెండున్నర నిమిషాలు. ఫోన్లో ఇచ్చే లైవ్‌ని మేం ఫోనో అంటాం. ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసినందుకు అది నా చివరి ఫోనో. మరుసటి ఏడు అమ్మ పోయింది, మధ్యాహ్నం నిద్రలో, ఫ్యాన్ తిరుగుతుండగా. ఆ రెంటికీ నేను ఏడ్చింది తక్కువే.

* * *

2024 సెప్టెంబర్ 1 ఆదివారం. శనివారమంతా దంచికొట్టిన వాన తెల్లారేసరికి తగ్గింది. హమ్మయ్య అనుకుని పాలకి వెళ్దామని తలుపు తీస్తే వీధిలో చీలమండ లోతు నీళ్ళు. వాన లేకుండా నీళ్ళు! బుడమేరు కట్ట తెగిందని ఎవరో అరుస్తున్నారు. ఎనిమిదింటికి గడప. పదింటికి మా ఫ్రిజ్ పక్కకి ఒరిగి, పడవలా తిరిగి, టీవీని గుద్దింది. అప్పటికి మేం పైనున్నాం.

ఫెర్రీ దగ్గర కృష్ణలో కలవాల్సిన నీళ్ళు అవి. కృష్ణ కూడా నిండుగా ఉంది. మర్నాడు బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అన్నారు, అంత వరద దాని చరిత్రలోనే లేదు. అంత వరదలోనూ మేం భయపడి వదిలేసి వచ్చిన కృష్ణలంక రిటైనింగ్ వాల్ వెనకాల పొడిగా ఉంది. కృష్ణకి దూరమని ఏరి కోరి కొన్న ఇల్లు పీకల్లోతు మునిగింది. అమ్మ ఉంటే ఏమనేదో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఏమీ అనేది కాదేమో, బొగ్గు కోసం వెతికేది.

మెట్లు వీధిలోకి ఉన్నాయి కదా, జనం ఎక్కడం మొదలుపెట్టారు. ఎదురింటి వాళ్ళు నలుగురు, మూల మీద ఇస్త్రీ బండి ఆయన, ఆయన భార్య, ఆరు నెలల బిడ్డతో ఇంకో అమ్మాయి. పక్క సందులో మామ్మగారిని ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు, రోజూ ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకునే కుర్రాళ్ళే. పది బై పన్నెండు గదిలో మా ఇద్దరితో కలిపి పన్నెండు మందిమి, చంటిది కాక. ఆడవాళ్ళంతా తడిసి ముద్దయి వణుకుతున్నారు. అమ్మ బీరువా పైనే ఉంది. తాళం చెవి దాని నెత్తినే ఉంటుంది. నేత చీరలు, మడతల్లో కలరా ఉండలు. ఒక్కొక్కటే తీసి ఇచ్చాను. మామ్మగారికి నేనే కట్టాను. "మీ అమ్మ చీర కదే ఇది, కార్తీక సోమవారం కట్టేది" అంది ఆవిడ. ఆవిడకి ఎన్నో విషయాలు గుర్తుండవు, అది గుర్తుంది.

రెండు రాత్రులు అలాగే. పైన హెలికాప్టర్ మోత, కింద చీకట్లో నీళ్ళు గోడకి తగిలే చప్పుడు. ఆహారం పొట్లాలు డ్రోన్లలో వేస్తున్నారని ఫోన్లో చదివాం, ఆ ఫోన్ కూడా కాసేపటికి ఆగిపోయింది. చుట్టూ అన్ని నీళ్ళుండి తాగడానికి గుక్కెడు లేకపోవడం ఎలా ఉంటుందో అంతకుముందు కనీసం పదిసార్లు లైవ్‌లో వర్ణించి ఉంటాను. నోరు పిడచకట్టుకుపోతే మాటే రాదని అప్పుడు తెలిసింది.

మూడో రోజు పొద్దున వీధిలోకి బోటు వచ్చింది. అందులో ఒక కుర్ర రిపోర్టర్, వాడి కెమెరామన్. మా మెట్ల దగ్గర ఆపి మైకు పైకి చాపాడు.

"అమ్మా, లైవ్‌లో ఉన్నాం, ఎలా ఉంది మీ పరిస్థితి? ఇప్పుడు మీకేమనిపిస్తోంది?"

అసంకల్పితంగా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "లోగో తిప్పు బాబూ, తిరగబడింది." వాడు కంగారుపడి మైకు సరిచేశాడు. తర్వాత బులెటిన్ చదివినట్టే చెప్పాను. పన్నెండు మంది ఉన్నాం, ఒక పసిబిడ్డ, ఇద్దరు షుగర్ పేషెంట్లు, తాగునీళ్ళు, పాలు, ఇన్సులిన్ కావాలి, ముందు పెద్దావిడని దించాలి. ఇరవై సెకన్లు. కెమెరా నా పక్కనుంచి గదిలోకి తిరుగుతోంది. ఇస్త్రీ ఆయన భార్య అప్పుడే బిడ్డతల్లి పాలిచ్చుకోవడానికి చాటు పట్టి కూర్చుంది. "లోపలికి తీయొద్దు" అన్నాను. ఒక్క క్షణం తటపటాయించాడు కెమెరామన్. ఆ క్షణంలో వాడి చెవిలో డెస్క్ ఏం అంటోందో నాకు తెలుసు. కెమెరా వీధిలోకి తిప్పేశాడు.

బోటు కదులుతుంటే రిపోర్టర్ కుర్రాడు వెనక్కి చూసి, "మేడమ్, మిమ్మల్ని చిన్నప్పుడు టీవీలో చూసేవాణ్ణి" అన్నాడు. మూడు రోజుల్లో మా ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

* * *

నిన్న ఆ కాసెట్ పట్టుకుని గవర్నర్‌పేట వెళ్ళాను. ఒకప్పుడు పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసిన ల్యాబ్ ఒకటి మేడ మీద ఇంకా ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు. డీవీ డెక్ ఒకటి దుమ్ము గుడ్డ కింద దాచి ఉంచారాయన. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, బుల్లి స్క్రూలు విప్పి, కాసెట్ మూత తీసి దీపం కింద పెట్టారు. టేపు చుట్టల మధ్య సన్నటి మట్టి, బూడిద రంగులో. వేలితో తాకితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది.

"కడగొచ్చు. కానీ ప్లే అయితే ఒక్కసారే అవుతుంది మేడమ్. హెడ్డుకి పట్టుకుందంటే తెగిపోతుంది. అది తిరుగుతుండగానే కంప్యూటర్లోకి లాగాలి. ఆ రోజు మీరు ఇక్కడుండండి."

ఉంటానన్నాను.

"ఏముంది ఇందులో, పెళ్ళా?"

"కాదండీ. మా అమ్మ నడుస్తూ ఉంటుంది."

ఆయన తలూపి రసీదు పుస్తకం తీశారు. పేరు, ఫోన్ నంబరు. వివరం అన్న చోట ఒక నిమిషం ఆలోచించి రాశారు: డీవీ - 1, బురద.